సర్కారు తుమ్మ పట్టిన చెలకను మళ్లీ గడ్డి నేల చేయడం

చేవెళ్ల వైపో షాద్‌నగర్ వైపో ఎప్పుడో కొని వదిలేసిన చెలక ఉందా? ఈపాటికి అందులో సర్కారు తుమ్మ దిగే ఉంటుంది. దున్నినప్పుడే పాత గడ్డి దుబ్బులు వేళ్లతో సహా పోయాయి. దున్నడం ఆపేశాక ముందు వయ్యారిభామ, తర్వాత తంగేడు, ఆపైన తుమ్మ. బీడులో తంగేడు ఒక్కటే పచ్చగా కనిపిస్తే అక్కడ గొర్రెలు అతిగా మేశాయని అనుకోవచ్చు, దాన్ని అవి ముట్టవు కదా.

ముందు గడ్డపారతో మూడు నాలుగు చోట్ల గుంత తీసి చూడండి. అడుగులోపే మొరం తగిలితే కంది, జొన్న ఆశ వదులుకోండి, అది గడ్డికే. మట్టి లోతుగా ఉండి, రోజూ చూసుకునే మనిషి కూడా ఉంటే వాలుకు అడ్డంగా దున్ని పంట వేసుకోవచ్చు.

ఇక తుమ్మ. 1870లలో బయటి ఖండం నుంచి తెచ్చి నాటిన చెట్టు, ఇప్పుడు మనల్నే వెళ్లగొడుతోంది! నేనైతే తొందరపడి జేసీబీ పెట్టించాను. అది పైపైన విరగ్గొట్టి, ఉన్న కాస్త పైమట్టినీ గీకేసింది, వానలు పడగానే ఒక్కో మోడుకు ఆరేడు పిలకలు. గొర్రెల మంద తోలుకొచ్చిన పెద్దాయన చూసి "మొదలు తియ్యకుంటే అది సావదు సారూ" అన్నాడు. చిగురేసే కళ్లు నేల లోపల, మొదలు దగ్గరే ఉంటాయి మరి. కాబట్టి శివరాత్రి టైమ్‌లో, కాయ పండకముందే కొట్టించండి, తొలి వానలకు నేల మెత్తబడ్డాక మొదలు చుట్టూ అడుగు లోతు తవ్వి తీయించండి. ఎండాకాలంలో పశువుల్ని, మేకల్ని లోపలికి రానివ్వకండి, తియ్యటి కాయలు తిని వచ్చి పేడలో, పెంటికల్లో గింజలు వేసిపోతాయి.

మృగశిర వానలకు అంజన్ గడ్డి, స్టైలో (పప్పుజాతి మేత మొక్క) కలిపి చల్లండి. అంజన్ ఎకరాకు రెండు కిలోలు చాలు, కొత్త గింజ సరిగా మొలవదు కాబట్టి నిరుటిది అడగండి. నూగుగా ఉండి గాలికి ఎగిరిపోతుంది, తడి ఇసుకలో కలిపి చల్లి, పైన ముళ్లకంప ఒకటి లాగితే సరి, లోతుకు పోతే రాదు. స్టైలో గింజ పెంకు గట్టిది, దాదాపు 80 డిగ్రీల వేడి నీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచి తీసి ఆరబెట్టాలి.

మొదటి ఏడాది మేత వద్దు. గింజ రాలాక బెత్తెడు వదిలి కొడవలితో కోసుకోండి. రెండో ఏడాది నుంచి నాలుగు ముక్కలు చేసి ఒక్కోదాన్నే మేపండి, అదీ తొలకరి చిగురు మీద కాదు, అప్పుడు మేపితే వేరు బలం పోతుంది.

ప్రతి వానాకాలం ఒకసారి తిరిగి తుమ్మ మొలకల్ని చేత్తో పీకేయండి, వేలెడున్నప్పుడు సులువుగా వస్తాయి. తంగేడు మాత్రం గట్టు మీద నాలుగు ఉంచండి, బతుకమ్మకు ఇంట్లోవాళ్లు అడుగుతారు.