పఫ్ ఇంక్‌ని చివరికి మార్చాక

కాలేజీ ఫెస్ట్ టీషర్టులకు స్క్రీన్ ప్రింటింగ్‌లో నాలుగు రంగుల డిజైన్, ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్. మధ్యలో పువ్వు ఉబ్బెత్తుగా రావాలని వేడికి పొంగే పఫ్ ఇంక్ వాడాను, అదీ రెండో రంగుగా. ఫ్లాష్ (రంగుల మధ్య ఇంక్‌ని పైపైన ఆరబెట్టే హీటర్) కింద పెట్టగానే పొంగిపోయింది. మూడో స్క్రీన్ దించితే నలిగి, స్క్రీన్ అడుగున అంటుకుంది. 12 టీషర్టులు పాడయ్యాయి. ఆ రాత్రంతా టెన్షనే.

మర్నాడు వరుస మార్చాను. మామూలు రంగులన్నీ ముందు వేసి, ఫ్లాష్ చేసి, పఫ్ చివర్న వేశాను. దానికి 120 మెష్ స్క్రీన్ తీసేసి, రంధ్రాలు పెద్దగా ఉండే 80 మెష్ స్క్రీన్ పెట్టాను, ఇంక్ మందంగా పడాలి కదా. ఆ తర్వాత ఫ్లాష్ లేదు, నేరుగా క్యూరింగే, అంటే ఇంక్ పూర్తిగా గట్టిపడేలా చివర్లో వేడి చేయడం. డబ్బా మీద రాసిన 160 డిగ్రీలు దాటనివ్వలేదు. వేడి మరీ ఎక్కువైతే పొంగిన ఇంక్ మళ్లీ అణగిపోతుంది.

ఈసారి వేలితో తడిమితే పువ్వు రేకు రేకూ తెలిసింది.