సౌండ్‌బోర్డ్ టేపు వినడం ఎలా? మూడో పాఠం: గొంతు దగ్గర, గిటార్ దూరం

కిందటి పాఠం చివర ఒక పని చెప్పాను. ఒకే పాటను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మూడుసార్లు వినాలి. మొదటిసారి గొంతు ఒక్కటే, రెండోసారి డ్రమ్స్‌లో స్నేర్ అనే చిన్న డ్రమ్ము ఒక్కటే, మూడోసారి జనం అరుపులు ఒక్కటే. చేయనివాళ్లు ముందు అది చేసి రండి. ఈ వారం చెప్పబోయేదంతా ఆ మూడింటి మధ్య ఉన్న దూరం గురించే.

కొత్తగా చేరినవాళ్ల కోసం పాత పాఠాల సారం. కచేరీలో గాయకుడి మైకు, డ్రమ్స్ మైకులు, గిటార్ మైకులు అన్నీ ఒక మిక్సర్‌కు చేరతాయి. దాన్నే సౌండ్‌బోర్డ్ అని కూడా అంటారు. అక్కడ కలిసి హాలు స్పీకర్లలోకి వెళ్తాయి. ఆ మిక్సర్ నుంచే ఒక వైరు లాగి టేపు డెక్కుకు తగిలిస్తే వచ్చేది సౌండ్‌బోర్డ్ రికార్డింగ్. జనంలో నిలబడి చిన్న మైకుతో పట్టేది ఆడియన్స్ రికార్డింగ్. మన పాఠాలకు తీసుకున్న గాయకుడు రోనీ జేమ్స్ డియో. 1975లో రెయిన్‌బో బ్యాండులోకి వచ్చి, బ్లాక్ సబ్బాత్, సొంత పేరుతో డియో, చివరికి హెవెన్ అండ్ హెల్ అనే బ్యాండ్ల దాకా, 2009 వరకు స్టేజి వదలని మనిషి. 2010 మే 16న కన్నుమూశారు. ఆయన కచేరీల టేపులు అనధికారికంగా చాలా తిరిగాయి కాబట్టి వినికిడి నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి సరుకు దొరకదు.

ఇక విషయానికి వద్దాం.

నేను మొట్టమొదట విన్న సౌండ్‌బోర్డ్ టేపు బ్లాక్ సబ్బాత్‌ది. కాపీకి కాపీ, దానికి మరో కాపీ. డియో గొంతు నా చెవి పక్కనే ఉన్నట్టుంది. టోనీ అయోమీ గిటార్ మాత్రం పక్క గదిలో వాయిస్తున్నట్టు పలచగా వినిపించింది. ఆ రాత్రి అయోమీకి బాగోలేదేమో అనుకున్నాను. అనుకుని ఊరుకోకుండా స్నేహితులకు కూడా చెప్పాను. అది పూర్తిగా తప్పు. ఆ తప్పు ఎందుకు జరిగిందో అర్థమవడానికి కాలేజీ ఫంక్షన్‌లో మైక్ సెట్టు ఆయన పక్కన ఒక సాయంత్రం కూర్చోవాల్సి వచ్చింది. చిన్న హాలు. డ్రమ్మర్ గట్టిగా కొడుతున్నాడు. గిటార్ యాంప్లిఫయర్ మోత హాలు చివరిదాకా వస్తోంది. ఆయన మిక్సర్‌లో ఆ రెండు ఫేడర్లూ, అంటే శబ్దం పెంచి తగ్గించే జారుడు మీటలు, దాదాపు కింద పెట్టేసి, పాడే అమ్మాయి మైకు ఒక్కటే పైకి ఎత్తాడు. ఎందుకని అడిగితే, "అవి ఎలాగూ వినబడుతున్నాయి కదా, వినబడనిదే కదా నేను ఎత్తాలి" అన్నాడు.

ఈ పాఠం మొత్తం ఆ మాటలోనే ఉంది. మిక్సర్ నుంచి స్పీకర్లకు వెళ్లేది కచేరీ మొత్తం కాదు, హాలులో తక్కువ పడిన భాగం మాత్రమే. హెవీ మెటల్‌లో 100 వాట్ల వాల్వ్ యాంప్లిఫయర్లు స్టేజి మీదే రెండు మూడు వరుసలుగా నిలబడతాయి. వాటి చప్పుడు నేరుగా జనానికి చేరుతుంది. మనిషి గొంతుకు ఆ బలం లేదు. అందుకే మిక్సర్‌లో గొంతుదే పెద్ద వాటా. ఆ మిక్సర్ వైరు నుంచి తీసిన టేపులో గొంతు ముందుకు, గిటార్ వెనక్కి వెళ్తాయి. హాలులో ఉన్నవాడికి రెండూ సమానంగానే వినిపించాయి. టేపుకు మాత్రం సగమే దక్కింది.

కాబట్టి టేపు వినేముందు వేసుకోవలసిన మొదటి ప్రశ్న: అది ఎంత చోటు? లండన్‌లోని హ్యామర్‌స్మిత్ ఓడియన్ లాంటి, మూడున్నర వేల మంది పట్టే థియేటర్ అయితే స్టేజి మోత చాలా దూరం వస్తుంది. మిక్సర్‌లో గిటార్ తక్కువ ఉంటుంది. ఇంగ్లండ్‌లోనే డోనింగ్టన్ పార్క్‌లో మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్ అనే సంగీతోత్సవం జరిగేది ఆరుబయట. గోడలు లేవు, కప్పు లేదు. స్టేజి మీది యాంప్లిఫయర్ల బలం వెనక వరుసలదాకా పోదు. అప్పుడు గిటార్, డ్రమ్స్ అన్నీ మిక్సర్ ద్వారానే పోవాలి. అలాంటి చోట తీసిన టేపులో పాళ్లు చాలావరకు సమంగా కుదురుతాయి. చోటు పెద్దదయ్యేకొద్దీ సౌండ్‌బోర్డ్ టేపు నిజమైన కచేరీకి దగ్గరవుతుంది. చిన్న క్లబ్బులో తీసిన సౌండ్‌బోర్డ్ కన్నా అదే క్లబ్బులో జనం మధ్య నుంచి తీసిన మామూలు రికార్డింగే గిటార్ గురించి ఎక్కువ నిజం చెబుతుందని నా నమ్మకం. సౌండ్‌బోర్డ్ అనగానే నాణ్యత ఎక్కువ అనే అలవాటు మనందరిలో ఉంది. దాన్ని ఈ పాఠంతో వదిలేయండి.

డోనింగ్టన్ విషయంలో ఒక జాగ్రత్త. డియో బ్యాండ్ 1983లోనూ 1987లోనూ అక్కడ వాయించింది. ఆ రెండు ప్రదర్శనలనూ బీబీసీ రికార్డు చేసింది. 2010లో అవి అధికారికంగా ఆల్బమ్‌గా వచ్చాయి. రేడియో కోసం చేసే రికార్డింగ్‌కు ప్రత్యేకంగా మనిషి కూర్చుని మిక్స్ చేస్తాడు, జనం అరుపులు పట్టడానికి వేరే మైకులు పెడతారు. అది హాలు మిక్సర్ వైరు నుంచి వచ్చిన టేపు కాదు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి. రేడియో నుంచి ఎక్కించుకున్న టేపును పట్టుకోవడం తేలికే: ఎఫ్‌ఎం ప్రసారం 15 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. శబ్దంలోని కింది, పై స్వరాలను బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో అక్కడ కత్తితో కోసినట్టు గీత కనిపిస్తుంది. తక్కువ సైజు ఎంపీ3 కూడా 16 కిలోహెర్ట్జ్ దగ్గర అలాగే కోస్తుంది కాబట్టి గీత ఒక్కదాన్నే నమ్మవద్దు. జనం అరుపులు రెండు చెవుల్లోనూ విశాలంగా పరుచుకున్నాయా అన్నది కూడా చూడాలి.

గొంతు ఎంత ఉండాలన్న గొడవ ఒక బ్యాండునే విడగొట్టింది. 1982 పర్యటనలో సియాటెల్, డాలస్, శాన్ ఆంటోనియోల్లో బ్లాక్ సబ్బాత్ రికార్డు చేసుకున్న పాటలతో 'లైవ్ ఈవిల్' అనే కచేరీ ఆల్బమ్ తయారవుతున్న రోజులవి. తాము లేనప్పుడు డియో, డ్రమ్మర్ విన్నీ అపిస్ స్టూడియోకు వచ్చి గొంతునూ డ్రమ్స్‌నూ పెంచుకుంటున్నారని అయోమీ, బేస్ గిటార్ వాయించే గీజర్ బట్లర్‌ల వైపు నుంచి ఆరోపణ వచ్చింది. డియో దాన్ని ఒప్పుకోలేదు. డియో, అపిస్ ఇద్దరూ బ్యాండు వదిలి వెళ్లిపోయారు. ఆ వెంటనే డియో సొంత బ్యాండు పుట్టింది, 1983లో మొదటి ఆల్బమ్ వచ్చింది. ఎవరిది తప్పో తేల్చడం ఈ పాఠం పని కాదు. మనకు కావలసింది టేపు సంగతి. ఆ కచేరీలు మల్టీట్రాక్ టేపు మీద ఉన్నాయి. అంటే గొంతు ఒక ట్రాకు, గిటార్ ఒక ట్రాకు, ప్రతి డ్రమ్ముకూ వేరే ట్రాకు. అందుకే నలభై ఏళ్ల తర్వాత, 2023లో, వాటిని మళ్లీ కొత్తగా మిక్స్ చేసి విడుదల చేయగలిగారు. సౌండ్‌బోర్డ్ క్యాసెట్‌కు ఆ అవకాశం లేదు. అందులో అన్నీ రెండు ట్రాకుల్లోనో ఒకటే మోనోలోనో అప్పటికే కలిసిపోయి ఉంటాయి. ఉప్పు ఎక్కువైన పప్పులోంచి ఉప్పు ఏరలేం కదా.

మరి పాళ్లు తప్పిన టేపుతో లాభమేమిటి? గొంతు. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కాస్త నెమ్మదిగా చదవండి.

డియో చిన్నప్పుడు ట్రంపెట్, ఫ్రెంచ్ హార్న్ వాయించారు. ఎవరి దగ్గరా గాత్ర పాఠాలు నేర్చుకోలేదు. తన ఊపిరి పట్టు ఆ వాద్యాల నుంచే వచ్చిందని చెప్పేవారు. సన్నాయి వాయించేవాళ్ల ఊపిరి ఎలా ఉంటుందో మనకు తెలుసు కాబట్టి ఆ మాటను మనం తేలిగ్గానే నమ్ముతాం. అయితే స్టూడియో ఆల్బమ్‌లో ఆ ఊపిరి దొరకదు. గొంతు మీద ఎకో, రివర్బ్ పూసి ఉంటాయి, ఒకే గొంతును రెండు మూడుసార్లు పేర్చి ఉంటారు. సౌండ్‌బోర్డ్ టేపులో గొంతు పొడిగా, ఒంటరిగా ఉంటుంది. ఎక్కడ గాలి పీల్చుకున్నారు, ఏ అక్షరం మీద నొక్కారు, పై స్వరానికి నేరుగా ఎక్కారా లేక కింది నుంచి జారుతూ వెళ్లారా, అన్నీ తెలుస్తాయి. ఒక పొడుగాటి వాక్యం మొదలైన చోటి నుంచి మళ్లీ ఊపిరి వినబడే చోటిదాకా సెకన్లు లెక్కపెట్టండి. అదే పాటకు వేరే ఊరి టేపు పెట్టి మళ్లీ లెక్కపెట్టండి. ఊపిరి పీల్చే చోటు మారిందంటే ఆ రాత్రి ఆయన అలసిపోయారనో, పాట వేగం పెరిగిందనో అర్థం. ఏది నిజమో డ్రమ్స్ చెబుతాయి.

ఆ గొంతు మైకులోకే మిగతా స్టేజి కూడా దూరుతుంది. డియో నోరు మైకు దగ్గర ఉన్నంతసేపు డ్రమ్స్ తాళాల (సింబల్స్) మోత తగ్గినట్టు, ఆయన తల తిప్పగానే పెరిగినట్టు ఉంటుంది. 'హెవెన్ అండ్ హెల్' పాట మధ్యలో జనం గిటార్ రాగాన్ని గొంతు కలిపి పాడతారు. అప్పటిదాకా టేపులో లేని జనం ఒక్కసారిగా పుట్టుకొచ్చారంటే ఆయన మైకును వాళ్లవైపు చాపారన్నమాట. మైకు వెనక్కి రాగానే జనం మళ్లీ మాయం. నిజానికి వాళ్లు అలాగే పాడుతూ ఉన్నారు. టేపులో జనం లేరు కాబట్టి ఆ రాత్రి స్పందన లేదని రాసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

తీర్పు చెప్పేముందు చూడవలసింది ఇంకొకటి ఉంది: టేపు వేగం. డెక్కు మోటారు కాస్త అటూ ఇటూ ఉంటే చాలు, ప్రతి కాపీలోనూ తేడా పేరుకుంటుంది. మన పన్నెండు స్వరస్థానాల్లో ఒకదాని నుంచి పక్కదానికి వెళ్లాలంటే వేగం దాదాపు 6 శాతం మారాలి. వేగం 3 శాతం పెరిగితే అందులో సగం శ్రుతి పెరుగుతుంది. గొంతు లేతగా, చురుగ్గా వినిపిస్తుంది, ఆ రోజు అద్భుతంగా పాడారని మనం మురిసిపోతాం.

దీన్ని పట్టుకోవడానికి కరెంటు సాయం చేస్తుంది. పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దంలో కరెంటు వల్ల వచ్చే సన్నటి హమ్ (గుయ్‌మనే మోత) ఉంటుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, బ్రిటన్‌లో 50. జపాన్‌లో టోక్యో వైపు 50, ఒసాకా వైపు 60. ఆడాసిటీ అనే శబ్దం ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్‌లో ఆ నిశ్శబ్దాన్ని ఎంచుకుని స్పెక్ట్రమ్ గీయించండి, సైజు 65536 పెట్టండి. 60 దగ్గర బేస్ గిటార్ మిగులు అడ్డం పడుతుంది. హమ్ ఆ అంకె రెట్ల దగ్గర కూడా వినబడుతుంది, అందుకని మూడు రెట్లు, అంటే 180 దగ్గర చూడండి. అమెరికా టేపులో అది 185.4 దగ్గర కనిపిస్తే టేపు 3 శాతం వేగంగా ఉందని లెక్క. వేగాన్ని 2.91 శాతం తగ్గిస్తే సరిపోతుంది. అయిదు నిమిషాల పాట తొమ్మిది సెకన్లు సాగుతుంది, గొంతు తన బరువుకు తాను వస్తుంది.

ఒక్కోసారి రెండు హమ్‌లు ఉంటాయి. క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు అక్కడి కరెంటు కూడా చేరుతుంది. స్పెక్ట్రోగ్రామ్‌లో గీసినట్టు తిన్నగా, సరిగ్గా 50 మీదో 60 మీదో ఉండేది ఎక్కించినప్పటిది. కొద్దిగా వణుకుతూ నడిచేది టేపుది. మనకు వణికే గీతే కావాలి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ టేపుల్లో చాలావాటికి కళాకారుల అనుమతి లేదు. మన కాపీరైట్ చట్టం కూడా ప్రదర్శకుడి హక్కును గుర్తిస్తుంది. నేను వీటిని అమ్మను, అమ్మేవాళ్ల దగ్గర కొనను. అధికారికంగా వచ్చిన కచేరీ ఉంటే డబ్బు పెట్టి అదే కొంటాను. ఈ వారం అభ్యాసాలన్నీ అధికారిక రికార్డులతోనే చేసేలా పెట్టాను.

మొదటి పని. 'లైవ్ ఈవిల్' పాత మిక్స్, 2023 మిక్స్ రెండూ తీసుకోండి. ఒకే పాటలో గొంతు మొదలయ్యే చోట ఆపి, గిటార్‌తో పోల్చితే గొంతు ఎక్కడుందో ఒక వాక్యం రాయండి. రెండు మిక్సుల శబ్దం ఒకే స్థాయికి తెచ్చాకే పోల్చండి. గట్టిగా వినిపించేదే మంచిదనిపించడం చెవి బలహీనత.

రెండో పని. డోనింగ్టన్ 1983, 1987 ప్రదర్శనల్లో రెండింటిలోనూ ఉన్న పాట ఒకటి ఎంచుకుని ఊపిరి చోట్లు గుర్తించండి. 1983లో గిటార్ వివియన్ క్యాంప్‌బెల్, 1987లో క్రెయిగ్ గోల్డీ. గిటార్ మారినప్పుడు గొంతు తన చోటు మార్చుకుందా?

మూడోది మీ ఊళ్లో చేయాలి. చిన్న హాలులో ఏదైనా ఆర్కెస్ట్రా ఉంటే, పాడేవాళ్లనూ మైక్ సెట్టు ఆయననూ ముందే అడిగి, మిక్సర్ నుంచి ఒక వైరు రికార్డర్‌లోకి తీసుకోండి. మీ ఫోన్‌ను అయిదో వరుసలో కుర్చీ మీద పెట్టి అదే సమయంలో రికార్డు చేయండి. ఇంటికొచ్చి రెండూ వినండి, దాచిపెట్టండి. వచ్చే పాఠంలో ఆ రెండింటినీ కలపడం నేర్చుకుంటాం. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లే నడుస్తుంది కాబట్టి ఫోన్ రికార్డింగ్ కొన్ని మిల్లీసెకన్లు వెనకబడి ఉంటుంది. స్పీకర్ నుంచి మీ కుర్చీకి ఎన్ని అడుగులో ఆ రోజే కొలిచి రాసుకోండి. ఆ లెక్క లేకుండా నాలుగో పాఠం మొదలుపెట్టలేం.