హెబ్రీ పత్రికతో ప్రార్థన నేర్చుకుందాం – 4వ పాఠం: ‘గనుక’ దగ్గర ఆగండి

పోయిన పాఠంలో లేవీయకాండము 16వ అధ్యాయం చదివి, ప్రధానయాజకుడు ఏడవ నెల పదవ రోజున చేసే పనులన్నీ వరుసగా నోట్‌బుక్‌లో రాయమన్నాం. ముందు దాన్ని సరిచూసుకుందాం.

స్నానం, నారబట్టలు, కోడెదూడ, రెండు మేకలు, చీట్లు, రక్తప్రోక్షణ, అరణ్యానికి తోలేసిన మేక. ఇవి దాదాపు అందరూ రాస్తారు. వదిలేసేవి మామూలుగా రెండు. మొదటిది, కోడెదూడ ఎవరి కోసం అన్న సంగతి. అది ప్రధానయాజకుడి సొంత పాపం కోసం, అతని ఇంటివాళ్ల కోసం. జనం కోసం లోపలికి వెళ్లాల్సిన మనిషి ముందు తన లెక్క తీర్చుకోవాలి. హెబ్రీ పత్రిక 5:3, 7:27 ఈ మాటనే పట్టుకుంటాయి కాబట్టి మీ జాబితాలో లేకపోతే ఇప్పుడే చేర్చండి.

రెండవది ధూపం. 12, 13 వచనాలు మళ్లీ చూడండి. బలిపీఠం మీది నిప్పులతో నిండిన ధూపార్తి, రెండు చేతుల నిండా మెత్తగా పొడిచేసిన ధూపద్రవ్యం అడ్డతెర లోపలికి తీసుకెళ్లాలి. ఆ పొగ కరుణాపీఠాన్ని, అంటే మందసం అనే పవిత్రమైన పెట్టె మీది బంగారు మూతను, కమ్మాలి, అతడు చావకుండా ఉండాలంటే. అంటే తెర దాటి లోపలికి వెళ్లాక కూడా అతనికి ఇంకో తెర కావాలి, పొగతో చేసిన తెర. ఏడాదికి ఒక్క రోజు లోపలికి వెళ్లగలిగిన ఆ ఒక్క మనిషి కూడా సూటిగా చూడలేడు. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే ఈవారం పాఠం సగం అర్థమైనట్టే.

మీ జాబితాలో “కాలికి తాడు కట్టుకున్నాడు” అని ఉంటే కొట్టేయండి. లోపల చనిపోతే బయటికి లాగడానికి తాడు కట్టేవారని, గజ్జెల చప్పుడు ఆగిపోతే చనిపోయినట్టు తెలిసేదని ప్రసంగాల్లో తరచూ వింటాం. తాడు సంగతి బైబిల్లో లేదు, యూదుల నోటి సంప్రదాయాలను కూర్చిన మిష్నాలోనూ లేదు. చాలా తర్వాత, మధ్యయుగంలో పుట్టిన కథ అది. గంటలు ఉన్న మాట నిజమే, నిర్గమకాండము 28లో నీలి నిలువుటంగీ అంచుకు బంగారు గంటలున్నాయి. కానీ ఆ రోజున లోపలికి వెళ్లేటప్పుడు ఆ అంగీ తీసేసి సాదా నారబట్టలే కట్టుకోవాలి. గంటలు లేని మనిషికి గంటల కథ చెప్పుకుంటున్నాం! మిష్నాలో ఉన్నది ఇంకా గట్టిది: ఏడు రోజుల ముందు నుంచే అతన్ని ఇంటి నుంచి వేరుగా ఉంచేవారు. ఆ రోజున ఐదుసార్లు నీళ్లలో మునగాలి, పదిసార్లు కాళ్లూ చేతులూ కడుక్కోవాలి.

కొలత తీసి చూడండి

దీనికి ఐదు నిమిషాలు చాలు. కొలత టేపు ఒకటి తీసుకోండి. మూర అంటే సుమారు 45 సెంటీమీటర్లు. కరుణాపీఠం పొడవు రెండున్నర మూరలు, వెడల్పు మూరన్నర, అంటే దాదాపు 112 సెంటీమీటర్లకు 67. నేల మీద సుద్దముక్కతో గీయండి. నలుగురు కూర్చుని తినే బల్లకంటే చిన్నది. దాని చుట్టూ ఉన్న అతిపరిశుద్ధస్థలం, అంటే అడ్డతెర లోపలి గది, గుడారంలో పది మూరల చదరం, సుమారు 15 అడుగులు. మన ఇళ్లలో ఒక హాలంత. అడ్డతెర నీల, ధూమ్ర, రక్తవర్ణాల నూలుతో, సన్ననారతో నేసింది, దాని మీద కెరూబుల (రెక్కలున్న పరలోక జీవుల) బొమ్మలు. ఏదెనులో దారికి కాపలా ఉన్నది కెరూబులేనని గుర్తుంది కదా (ఆదికాండము 3:24). తెర మీద ఆ బొమ్మలుంటే “లోపలికి రావద్దు” అని బోర్డు పెట్టినట్టే.

సుద్దగీత బయట నిలబడి ఇప్పుడు హెబ్రీ 4:14–16 బిగ్గరగా చదవండి. కూర్చుని కళ్లతో చదివితే ఈ అభ్యాసం పనిచేయదు.

ఈవారం వచనం

“గనుక మనము కనికరింపబడి సమయోచితమైన సహాయముకొరకు కృప పొందునట్లు ధైర్యముతో కృపాసనమునొద్దకు చేరుదము.” 16వ వచనం ఇది, చాలామందికి కంఠతా వచ్చు. కంఠతా రావడమే ఇక్కడ చిక్కు, ఎందుకంటే నోరు ‘గనుక’ను దాటేసి నేరుగా ‘ధైర్యముతో’ దగ్గరకు పరిగెత్తుతుంది. ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే మాట వెనకే ఉండిపోతుంది. అప్పుడు దాన్ని మనలోంచే తోడుకోవాల్సి వస్తుంది: ఈ వారం బాగా ప్రార్థించాను కాబట్టి ధైర్యం, ఉపవాసం తప్పాను కాబట్టి పిరికితనం.

16వ వచనం మీద అరచెయ్యి మూయండి. 14, 15 మాత్రం చదివి, ఎవరి గురించి ఏం చెప్పారో రెండు వరుసల్లో రాయండి. యేసు వైపు: గొప్ప ప్రధానయాజకుడు, ఆకాశమండలం గుండా వెళ్లినవాడు, దేవుని కుమారుడు, మన బలహీనతల్లో మనతో సహానుభవం గలవాడు, అన్ని విషయాల్లో మనలాగే శోధింపబడినవాడు, పాపం లేనివాడు. మన వైపు: ఒప్పుకున్నదాన్ని గట్టిగా పట్టుకోండి అన్న హెచ్చరిక, ఇంకా బలహీనతలు. అంతే. మన అర్హతల గురించి ఆ రెండు వచనాల్లో ఒక్క ముక్క లేదు. ‘గనుక’ ఆనుకుని ఉన్నది యేసు వైపు వరుస మీద.

పాపం లేనివాడైతే మన బాధ ఆయనకేం తెలుసు అని కొందరు అడుగుతారు. శోధన బరువు పూర్తిగా తెలిసేది చివరిదాకా లొంగనివాడికే. మధ్యలో లొంగిపోయినవాడు మిగిలిన బరువు మోయలేదు కదా.

మూడు మాటలు సరిగ్గా పట్టుకోవాలి

‘కృపాసనము’ను చాలామంది ‘కరుణాపీఠము’తో కలిపేస్తారు. 9:5లో కరుణాపీఠం మందసం మీది బంగారు మూత. 4:16లో ఉన్న గ్రీకు మాట థ్రోనోస్, అంటే సింహాసనం. ఏలేవాడి గద్దె. రాజుగద్దె దగ్గరికి పిలవకుండా వెళ్తే ఏమవుతుందో ఎస్తేరు 4:11 చెబుతుంది. బంగారు దండం చాపితేనే బతుకు, లేదంటే మరణమే. ఎస్తేరు రాణి, అయినా 30 రోజులుగా ఆమెకు పిలుపు లేదు. మన విషయంలో దండం ముందే చాచి ఉంది, పైగా రమ్మన్నది ఆయనే.

‘ధైర్యము’ తెలుగులో వినగానే రొమ్ము విరుచుకోవడం గుర్తొస్తుంది. గ్రీకులో ఈ మాట పర్రేసియా, ఉన్నదంతా చెప్పగలగడం. ఏథెన్స్ సభలో లేచి మనసులో ఉన్నది మాట్లాడే స్వేచ్ఛ పౌరుడిది, బానిసకు లేదు. కాబట్టి దీన్ని గుండెధైర్యం అనుకోవడం కంటే నోరు విప్పే చనువు అనుకుంటే దగ్గరగా ఉంటుంది. చుట్టాలింట్లో ఆకలి ఉన్నా “చాలండీ” అంటాం. మనింట్లో అయితే గిన్నె మూత మనమే తీస్తాం. ఈ మాట హెబ్రీ పత్రికలో నాలుగుచోట్ల ఉంది: 3:6, 4:16, 10:19, 10:35.

‘చేరుదము’ గ్రీకులో వర్తమానకాల రూపం. ఒకసారి చేరి ఆగిపోవడం కాదు, చేరుతూ ఉండడం. ఏడాదికి ఒక్క రోజు అన్న పాత పద్ధతితో పోల్చి చూస్తే ఆ తేడా ఎంతో తెలుస్తుంది.

అభ్యాసం: రోజుకు 15 నిమిషాలు, ఏడు రోజులు

నోట్‌బుక్ పేజీని నిలువుగా మడవండి. ఎడమవైపు ‘ఆయన’, కుడివైపు ‘నేను’ అని రాయండి.

మొదటి మూడు నిమిషాలు 4:14–16ను బిగ్గరగా, నిదానంగా రెండుసార్లు చదవండి. ‘గనుక’ దగ్గర ఊపిరి తీసుకునేంత సేపు ఆగండి. తర్వాతి నాలుగు నిమిషాలు కుడివైపు రాయండి: దేవుడు ఈరోజు నా మాట వింటాడని ఎందుకు అనుకుంటున్నాను, లేదా వినడని ఎందుకు అనుకుంటున్నాను. దాచకుండా రాయండి. ఆ తర్వాత ఎడమవైపు 14, 15 వచనాల్లోంచి ఒక్క మాట ఎంచుకుని రాసి, కుడివైపున్న వరుసలన్నిటి మీదా అడ్డంగా ఒక గీత గీయండి, మంచివాటి మీద కూడా. ఈ మెట్టు దగ్గరే చెయ్యి ఆగుతుంది. పాపాల్ని కొట్టేయడం తేలిక, “ఉదయం నాలుగింటికే లేచాను” అన్నదాన్ని కొట్టేయడం కష్టం.

మిగిలిన సమయం మాట్లాడండి. వచనంలో ఉన్న రెండింటినీ విడివిడిగా అడగండి. జరిగిపోయినదానికి కనికరం, ఇప్పుడు కావలసినదానికి కృప. సమయోచిత సహాయం అన్నారు కాబట్టి ఆ అవసరాన్ని పేరు పెట్టి చెప్పండి. “మమ్మల్ని దీవించు” అంటే సరిపోదు. “ఈరోజు పదకొండింటికి అన్నయ్యతో పొలం పంపకం మాట్లాడాలి, నా నోరు అదుపులో ఉండాలి” అనండి.

ఒక ప్రార్థన దగ్గరగా చూద్దాం. “ప్రభువా, ఈ వారం వాక్యం చదవలేదు, నీ సన్నిధికి రావడానికి నాకు ముఖం లేదు. ఈ ఒక్కసారికి అబ్బాయి ఉద్యోగం సంగతి చూడు తండ్రీ, మూడు శుక్రవారాలు ఉపవాసముంటాను.” మన ఇళ్లలో రోజూ వినబడేదే. మాటలు వినయంగానే ఉన్నాయి. కానీ పెన్సిలుతో ధర ఎక్కడుందో గీయండి. చదవకపోవడం అప్పుగా కనబడుతుంది, మూడు శుక్రవారాలు చెల్లింపుగా. మధ్యలో యేసుకు పనే లేదు. ఇదే అవసరాన్ని ఇలా అనొచ్చు: “తండ్రీ, ఈ వారం నీ మాట పక్కన పెట్టాను, క్షమించు. యేసు నా కోసం నీ దగ్గర ఉన్నాడు గనుక వచ్చాను. అబ్బాయికి ఉద్యోగం లేదు, నాకు భయంగా ఉంది. వాడికి దారి చూపించు, అంతవరకు నాకు ఓపిక ఇవ్వు.” అవసరం అదే, ఒప్పుకోలూ ఉంది. బేరం మాత్రం లేదు.

ఎక్కడ దారి తప్పుతారు

అందరికంటే ఎక్కువగా జరిగేది, ఈ అభ్యాసమే ఆచారంగా మారడం. నాలుగో రోజు తప్పిపోతే “మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాలా?” అన్న ప్రశ్న వస్తుంది. అక్కర్లేదు. ఐదో రోజు ఐదో రోజే. ఆ ప్రశ్న వచ్చిందంటే మాత్రం దాన్ని కుడివైపు వరుసలో రాసి, దాని మీద కూడా గీత గీయండి.

ఉపవాసం, బల్ల ఆరాధన, నూనె రాసి చేసే ప్రార్థన, సంఘపెద్దలతో ప్రార్థన చేయించుకోవడం, ఇవన్నీ మానేయాలా? ఈ పాఠం చెబుతున్నది అది కాదు. నూనె సంగతి యాకోబు 5:14లోనే ఉంది. పరీక్ష ఒకటి పెట్టుకోండి: అది లేని రోజున దేవుని దగ్గరికి వెళ్లగలరా? వెళ్లగలిగితే అది సహాయం. పాస్టర్ గారు ఊళ్లో లేరని ప్రార్థన ఆగిపోతే, ఆయన్ని తెరగా నిలబెట్టుకున్నామన్నమాట. ఆ తెర పైనుంచి కిందికి చినిగిందని మత్తయి 27:51 చెబుతోంది. మళ్లీ కుట్టుకోవడం ఎందుకు?

ఇటువైపు పడనివాళ్లు అటువైపు పడతారు. ధైర్యమంటే గొంతు పెంచడమనుకుని, దేవుడికే ఆజ్ఞలు వేసే ప్రార్థనలు ఈమధ్య ఎక్కువయ్యాయి. ఇదే పత్రిక 12:28–29 భయభక్తులతో సేవించమంటూ, మన దేవుడు దహించు అగ్ని అంటుంది. గద్దె మీద కూర్చున్నది ఆయన, మనం కాదు.

మనసుకు ఏమీ అనిపించకపోవడం తప్పుల్లోకి రాదు. 10:22లో హృదయాల మీద ప్రోక్షణ జరిగిపోయిన పనిగానే చెప్పారు. అనిపించినా అనిపించకపోయినా అది జరిగే ఉంది.

వచ్చే పాఠానికి

లూకా 18:9–14 చదవండి. పరిసయ్యుడు చెప్పుకున్నవి లెక్కపెట్టండి. వారానికి ఎన్ని ఉపవాసాలు, ఎంత దశమభాగం, అన్నీ రాయండి. సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) ప్రార్థన తెలుగులో నాలుగే మాటలు: “దేవా, పాపినైన నన్ను కరుణించుము.” ఆ ‘కరుణించుము’ గ్రీకులో ‘కరుణాపీఠం’ అన్న మాటతో ఒకే కుదురు. దూరంగా నిలబడినవాడి నోట అతిపరిశుద్ధస్థలపు మాట ఎలా వచ్చిందో ఒక పేజీ రాసి ఉంచండి. దాంతోపాటు హెబ్రీ పత్రికలో ‘చేరు’ అన్న గ్రీకు క్రియ వచ్చే ఏడు చోట్లు చదవండి: 4:16, 7:25, 10:1, 10:22, 11:6, 12:18, 12:22. తెలుగులో ఒక్కోచోట ఒక్కోలా అనువదించారు కాబట్టి మాట కోసం వెతక్కండి, ఎవరు ఎవరి దగ్గరికి వస్తున్నారో చూడండి. 12:18లో ఒక కొండ ఉంది, 12:22లో ఇంకో కొండ. 5వ పాఠం ఆ రెండు కొండల మధ్య నుంచి మొదలవుతుంది. నేల మీది సుద్దగీత అప్పటిదాకా చెరపకండి.