అమ్మ పట్టుచీరకి కత్తెర పెట్టే ముందు

పాత పట్టుచీరని కత్తిరించి డ్రెస్సో, పాపకి లంగానో కుట్టాలనుకుంటే, ముందు అమ్మని అడగండి. పెళ్లిచీర అయితే ఇంకోసారి అడగండి.

చీర మొత్తం విప్పి, కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూడండి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న చోట పట్టు చిట్లుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది, కుట్టాక చీలిపోతుంది. అక్కడ రెండు వేళ్లతో మెల్లగా లాగి చూసి, నీరసంగా ఉన్న చోట సుద్దతో గుర్తు పెట్టుకోండి. ఆ ముక్క నడుముకి, చంకకి వాడొద్దు.

ఇంట్లో ఉతకొద్దు, డ్రైక్లీనింగ్‌కే ఇవ్వండి. జరీ మీద నూలుగుడ్డ వేసి, తక్కువ వేడితో ఇస్త్రీ చేయండి.

మిషన్‌కి కొత్త సూది, 11 నంబరు. మొద్దుబారిన సూది పోగులు లాగేస్తుంది.

లైనింగ్ కాటన్‌ని ముందే తడిపి ఆరబెట్టాలి.

పాప లంగాకైతే పొడవు 4 అంగుళాలు ఎక్కువే ఉంచి లోపలికి మడిచి కుట్టండి. వచ్చే సంక్రాంతికి విప్పుకోవచ్చు.