డాబా మీద నీలం ఫోటో: ఎండతో ప్రింటు ఎలా వేయాలి?

మార్చి నెలలో ఫోటోగ్రాఫర్‌గా నాకు పని తక్కువ. నేను తీసేవన్నీ బారసాలలు, అన్నప్రాసనలు, మొదటి పుట్టినరోజులు. పరీక్షల రోజుల్లో పిల్లలున్న ఇంటికి కెమెరా పట్టుకుని రమ్మని ఎవరూ పిలవరు. అందుకని ఉగాదికి అటూ ఇటూ, వేప చెట్టు మీద పూత ఉన్న ఆ మూడు వారాలూ, విజయవాడలో మా డాబా మీద కెమెరా లేకుండా ఫోటోలు వేస్తుంటాను. దీన్ని సయనోటైప్ అంటారు. కాగితానికి మందు (రెండు రసాయనాల ద్రావణం) పూసి, దాని మీద ఆకో పువ్వో నెగెటివో పెట్టి, ఎండలో ఉంచి నీళ్లలో కడిగితే ముదురు నీలం మీద తెల్లటి బొమ్మ వస్తుంది.

ఏటా ఇద్దరు ముగ్గురు నన్ను అడిగి చేసుకుంటారు. ఏటా అదే ఫోటో నాకు పంపిస్తారు: ఉతికి ఉతికి వెలిసిపోయిన స్కూలు చొక్కా రంగులో ఒక కాగితం, దాని మీద కనపడీ కనపడని ఆకు. "మీరు చెప్పినట్టే చేశామండీ" అంటారు. చేయలేదు. అందరూ ఒకే చోట తొందరపడుతున్నారు. ఆ చోటు వచ్చినప్పుడు కాస్త ఎక్కువ సేపు ఆగుతాను, మిగతాది గబగబా చెప్పేస్తాను.

కావలసినవి: ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ (ఆకుపచ్చగా ఉండే రకం), పొటాషియం ఫెర్రిసైనైడ్, మందపాటి వాటర్‌కలర్ కాగితం, స్పాంజి బ్రష్, ఒక గాజు పలక, అంతే సైజు అట్ట, నాలుగు క్లిప్పులు, తెల్ల ప్లాస్టిక్ టబ్బు, చేతులకు గ్లవ్స్. రసాయనాలు కాలేజీ ల్యాబులకు సరుకు అమ్మే షాపుల్లో దొరుకుతాయి. కాగితం 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు), కాటన్‌ది కొనండి. పిల్లల డ్రాయింగ్ పుస్తకంలోంచి చింపిన కాగితం నీళ్లలో నానగానే పీచు లేస్తుంది. ఇనప పట్టీ ఉన్న బ్రష్ వద్దు, మందు ఆ లోహంతో కలిసి కాగితం మీద నీలం చుక్కలు పడతాయి. సైజు ఎ5 (ఎ4లో సగం) దాటకండి. పెద్దవి వేసే వాళ్లున్నారు, వాళ్ల సంగతి నాకు అనవసరం.

మందు కలపడం తేలిక. ఒక సీసాలో 100 మి.లీ. నీళ్లకు 25 గ్రాముల సిట్రేట్, ఇంకో సీసాలో 100 మి.లీ. నీళ్లకు 10 గ్రాముల ఫెర్రిసైనైడ్. రెండూ విడివిడిగా, చీకటి అల్మారాలో పెట్టుకుంటే నెలల తరబడి ఉంటాయి. వాడేటప్పుడు రెండూ సమానంగా, ఆ పూటకు సరిపడా మాత్రమే కలపాలి. ఎ5 కాగితానికి ఒకటిన్నర మి.లీ. నుంచి రెండు మి.లీ. చాలు. సూది తీసేసిన సిరంజితో కొలుస్తాను.

సైనైడ్ అన్న మాట వినగానే మా వారికి టెన్షన్. ఇందులో ఇనుము ఆ సైనైడును గట్టిగా పట్టి ఉంచుతుంది, మామూలుగా వాడితే భయం లేదు. కానీ దాన్ని వేడి చేయకూడదు, బాత్‌రూమ్ యాసిడ్ లాంటి ఘాటైన యాసిడ్లు దాని దరిదాపుల్లోకి రానివ్వకూడదు. వంటింటి గిన్నెలూ చెంచాలూ వాడకూడదు. మందు కలపడం, పూయడం పెద్దవాళ్ల పని, పిల్లలది ఆకులు ఏరే పని.

పూయడం రాత్రి పూట, మామూలు ఎల్ఈడీ బల్బు వెలుతురులో. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, అంతే. మడుగులు కట్టనివ్వకండి. తలుపులు మూసి, చీకట్లో ఫ్యాన్ కింద ఆరబెట్టండి. పొద్దున్నకు నిమ్మకాయ రంగుకూ లేత ఆకుపచ్చకూ మధ్యలో ఉంటుంది. నీలం తిరిగి ఉంటే వెలుతురు తగిలిందనో తేమ పట్టిందనో అర్థం. దాన్ని పారేయండి.

ఇక ఏం పెట్టాలి అన్నది. వేప రెమ్మ బాగుంటుంది, మునగాకు ఇంకా బాగుంటుంది. కాగితం పూల (బోగన్‌విలియా) రెక్కలు పలచన కాబట్టి వెలుతురు కొంచెం లోపలికి దిగి ఈనెలు కూడా పడతాయి. మోదుగ పూలు ఎంత అందంగా ఉన్నా వద్దు, మందంగా ఉండి తెల్లటి ముద్దలా వస్తాయి. పచ్చి ఆకు అలాగే పెట్టకండి. గాజు కింద వేడెక్కి చెమట పడుతుంది, ఆ చెమ్మకు కాగితం మీద మరక వ్యాపిస్తుంది. ముందు రోజు పాత దినపత్రికలో పెట్టి, పైన పచ్చడి బండ బరువుగా ఉంచండి.

మనిషి ఫోటో కావాలంటే ఫోన్లోనే దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి, రంగులు తిరగేసి, కుడి ఎడమలు కూడా తిప్పి, జిరాక్స్ షాపులో ఓహెచ్‌పీ షీటు (అవతలికి కనిపించే ప్లాస్టిక్ షీటు) మీద ప్రింటు తీయించండి, అదే మీ నెగెటివ్. కుడి ఎడమలు ఎందుకంటే, ప్రింటు పడిన వైపు కాగితానికి ఆనాలి. లేకపోతే అంచులు మసకబారతాయి. షాపులో వచ్చే నలుపు పలచగా ఉంటుంది, రెండు షీట్లు తీయించి ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చి అంటించాలి. ఇంత తంటా ఎందుకు, ఫోన్లో నీలం ఫిల్టరు ఉందిగా అంటారు కొందరు. ఉంది. 1842లో ఇంగ్లండులో జాన్ హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఈ పద్ధతి కనిపెడితే, ఆ మరుసటి ఏడాది నుంచే అన్నా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచు మొక్కల్ని ఒక్కొక్కటిగా ఇలా అచ్చు వేసి పుస్తకంగా తెచ్చింది. ఆ పేజీల్లో ఆ మొక్కే కాగితాన్ని తాకింది. ఇళ్ల ప్లాన్లకు బ్లూప్రింట్ అన్న పేరు కూడా ఈ మందు వల్లే వచ్చింది. ఫిల్టరుకు ఏది తగిలింది?

సరే, ఇప్పుడు అసలు చోటు. ఎండ.

అట్ట మీద కాగితం, కాగితం మీద ఆకు, ఆకు మీద గాజు, నాలుగు వైపులా క్లిప్పులు. గాజుకూ కాగితానికీ మధ్య ఆకు కదలకుండా నొక్కుకుని ఉండాలి. ఎండలో పెట్టిన నిమిషంలో పసుపు కాస్తా ఆకుపచ్చ అవుతుంది. రెండు మూడు నిమిషాల్లో నీలం తిరుగుతుంది. చక్కటి, నిండు నీలం. అందరూ సరిగ్గా ఇక్కడే మురిసిపోయి కాగితం తీసేస్తారు. నేనూ మొదటి ఏడాది అంతే. తీసి నీళ్లలో వేస్తే ఆ నీలమంతా నా కళ్ల ముందే టబ్బులోకి దిగిపోయింది.

జరిగేదేమిటంటే, ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలి మందులోని ఇనుము రూపం మారుతుంది. అది ఫెర్రిసైనైడుతో కలిస్తే నీలం పుడుతుంది. కానీ ముందు పుట్టేది పైపైన. కాగితం పీచులోకి ఇంకా దిగని ఆ రంగు కడిగినప్పుడు మిగిలిపోయిన మందుతో పాటే కొట్టుకుపోతుంది. పీచులో పట్టిందే మనకు దక్కేది. కాబట్టి కడిగాక ఎంత నీలం కావాలో, ఎండలో అంతకు బాగా మించి ముదరాలి.

ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మా అత్తయ్య చెప్పారు. ఆ డాబా నిజానికి ఆవిడది. మార్చి నుంచి మే దాకా అక్కడ మినప వడియాలు, గుమ్మడి వడియాలు, తర్వాత ఊరమిరపకాయలు, ఆ తర్వాతే మనుషులు. "అత్తయ్యా, పిట్టగోడ పక్కన ఈ మూల ఒక్క పావుగంట ఇవ్వండి" అని అడిగి నా ఫ్రేము పెట్టేదాన్ని. మూడో కాగితం కూడా పాడైన రోజు ఆవిడ చీర మీద వడియాలు తిప్పుతూ, తలెత్తకుండానే అన్నారు: "పైన ఎండినట్టు కనిపిస్తే తీసేస్తావేంటమ్మా? లోపల పచ్చిగా ఉన్న వడియం డబ్బాలో ఏమవుతుందో తెలీదా?" ఒకటి తీసి నా చెవి దగ్గర పెట్టి గోటితో కొట్టారు. చప్పుడు మెత్తగా వచ్చింది. రంగు మాత్రం పూర్తిగా ఎండిన వడియం రంగే.

అందుకని నీలం చూసి తీయకండి. నీలం తర్వాత ముదురు నీలం వస్తుంది, ఆగండి. ఆ తర్వాత అంచుల్లో నీలం చచ్చిపోయి బూడిద రంగు తిరుగుతుంది, ఇంకా ఆగండి. తోమకుండా వారం వదిలేసిన కంచు గిన్నెలా, ఆకుపచ్చా గోధుమా కలిసిన జీవం లేని రంగు వస్తుంది. "అయ్యో, మాడిపోయింది" అని మీకు అనిపించాలి. అప్పుడు తీయాలి. ఆకు పెట్టి వేసేవాటికి ఎక్కువ ఉంచితే పెద్దగా నష్టం లేదు, ఇంకాసేపు కడిగితే సర్దుకుంటుంది. తక్కువ ఉంచితే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. నెగెటివ్ పెట్టినప్పుడు, ముఖం లాంటి లేత చోట్ల కూడా కొద్దిగా రంగు మొదలయ్యేదాకా ఉంచండి.

గాజు ఎత్తి చూడకండి. ఒక్కసారి కదిలితే ఆకుకు రెండు అంచులు పడతాయి. చూడాల్సింది ఆకు చుట్టూ ఖాళీగా ఉన్న కాగితం అంచును, అది గాజు లోంచే కనిపిస్తుంది.

మార్చి చివర్లో, పదకొండున్నర ప్రాంతంలో, మా డాబా మీద ఆకులకు 8 నిమిషాలు, రెండు షీట్ల నెగెటివుకు 12 నుంచి 14. మీ ఊళ్లో, మీ గాజుకు, మీ కాగితానికి ఇది వేరేగా ఉంటుంది. మందు పూసిన సన్నటి ముక్క ఒకటి గాజు కింద పెట్టి, అట్టతో కప్పి, రెండేసి నిమిషాలకు ఒక్కో వేలు వెడల్పు అట్టను జరుపుతూ పోండి. 2, 4, 6 అలా 14 దాకా. కడిగి ఆరాక ఏ పట్టీ నచ్చిందో అదే మీ లెక్క. ఈ పరీక్ష చేయకుండా నాకు ఫోటో పంపిన వాళ్లకు ఇక జవాబు ఇవ్వను.

మబ్బు పట్టిన రోజు లెక్కలన్నీ తప్పుతాయి, ఆ రోజు మానేయండి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడి, లేచి ఉన్న పూరెమ్మల నీడ పక్కకు సాగుతుంది. అందుకే పదకొండు నుంచి పన్నెండున్నర లోపే నా పని.

కడగడం. ఫ్రేము నీడలోకి తెచ్చి విప్పి, కాగితం వెంటనే నీళ్లలో వేయండి. పసుపు కలిపినట్టు నీళ్లు రంగు మారతాయి. మాది బోరు నీళ్లు, ఉప్పన, క్షారం ఎక్కువ. ఆ నీళ్లకు నీలం వెలుస్తుంది. మొదటి టబ్బులో లీటరుకు ఒక చెంచా తెల్ల వెనిగర్ వేస్తాను. తర్వాత మామూలు నీళ్లు మూడు సార్లు మార్చి, పసుపు పూర్తిగా పోయేదాకా, ఐదు నుంచి పది నిమిషాలు. సబ్బు, సర్ఫ్, సోడా ఏవీ తగలకూడదు. నీళ్లలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక మూత పోస్తే అప్పటికప్పుడు ముదురు నీలం వచ్చేస్తుంది. నేను వాడను. ఒక రోజు గాలికి ఆరితే అదే రంగు తనంతట తనే వస్తుంది, పొద్దున లేచి చూసుకోవడంలో ఉన్న సరదా పిల్లలకు ఎందుకు పోగొట్టాలి?

నీడలో తీగకు క్లిప్పులు పెట్టి ఆరేయండి. వెనక పెన్సిల్‌తో తేదీ, ఎన్ని నిమిషాలో రాయండి. పెన్నుతో రాస్తే ఇంకు కాగితంలోకి దిగుతుంది.

గోడకు తగిలించాలంటే ఎండ పడని గోడ చూడండి. మా పాప పాలపళ్లతో నవ్వుతున్న ప్రింటు ఒకటి హాల్లో కిటికీకి ఎదురుగా పెట్టాను, వేసవి అయ్యేసరికి పాలిపోయింది. పారేయబోతుంటే అత్తయ్య తీసుకుని బీరువాలో పట్టు చీరల కింద దాచారు. దసరాకు చీర తీస్తే బయటపడింది. వెలుతురుకు పోయిన నీలం చీకట్లో, గాలి తగులుతుంటే మళ్లీ తేరుకుంటుంది, ఈ మందు గుణమే అంత. ఇప్పుడది బీరువా తలుపు లోపలి వైపు అంటించి ఉంది. అక్కడి నుంచి కదపనివ్వరు.