టైమౌట్ మెసేజ్‌లో ఏం రాయాలి: పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ వాడే కోడ్ కోసం

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో స్టేట్‌మెంట్ టైమౌట్ (ఒక క్వెరీకి పెట్టిన సమయ పరిమితి దాటడం) ఎర్రర్ కోడ్ 57014, లాక్ టైమౌట్‌ది (వేరే ట్రాన్సాక్షన్ పట్టుకున్న డేటా తాళం కోసం ఆగే పరిమితి దాటడం) 55పీ03. ఇక్కడే ఒక మెలిక ఉంది. యూజర్ తానే క్వెరీని క్యాన్సిల్ చేసినా వచ్చేది 57014. నోవెయిట్ (లాక్ కోసం ఆగొద్దు అనే ఆప్షన్) పెట్టినప్పుడు లాక్ దొరక్కపోయినా 55పీ03. కోడ్ ఒక్కటే చూసి "సమయం మించింది" అని చూపిస్తే అది ఒక్కోసారి అబద్ధమే. పోనీ సర్వర్ పంపిన వాక్యంలో వెతుకుదామంటే, సెట్టింగ్‌ను బట్టి దాని భాషే మారిపోవచ్చు. అందుకే క్యాన్సిల్ పంపింది మీ ప్రోగ్రామేనా అన్నది ఒక ఫ్లాగ్‌లో దాచుకోండి.

పరిమితి ఎంత, నిజంగా గడిచింది ఎంత: రెండూ యూనిట్‌తో సహా రాయండి. స్టేట్‌మెంట్ టైమౌట్‌కి యూనిట్ ఇవ్వకపోతే సర్వర్ దాన్ని మిల్లీసెకన్ల కింద తీసుకుంటుంది. 30 సెకన్లనుకుని ఉత్త 30 పెడితే క్వెరీలు వరసగా పడిపోతాయి. మెసేజ్‌లో "పరిమితి 30 మి.సె." అని కనబడితే తప్పు వెంటనే దొరుకుతుంది.

ఎక్కువమంది వదిలేసేది, అసలు ముఖ్యమైనది: ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి జరగాల్సిన, లేదంటే ఏదీ జరగకూడని మార్పుల గుంపు) ఏమైంది? పోస్ట్‌గ్రెస్‌లో సేవ్‌పాయింట్ (మధ్యలో వెనక్కి రాగల గుర్తు) లేకపోతే మొత్తం ట్రాన్సాక్షన్ చెడుతుంది. రోల్‌బ్యాక్ (మార్పుల రద్దు) చేసేదాకా తర్వాతి క్వెరీలకు 25పీ02 ఎర్రర్ వస్తూనే ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని ఇన్నోడీబీ (డిఫాల్ట్ స్టోరేజ్ ఇంజిన్) అలా కాదు. లాక్ కోసం 50 సెకన్లు (డిఫాల్ట్) ఆగి 1205 ఎర్రర్ ఇస్తుంది, కానీ మామూలు సెట్టింగ్‌లో ఆ చివరి స్టేట్‌మెంట్ మాత్రమే వెనక్కి పోతుంది. ముందు చేసిన మార్పులు అలాగే ఉంటాయి. ఆ తర్వాత కమిట్ (మార్పుల్ని ఖాయం చేసే ఆదేశం) కొడితే సగం పనే సేవ్ అవుతుంది. అందుకే మెసేజ్ ఇలా ఉండాలి:

"ఆర్డర్ల టేబుల్‌లో లాక్ కోసం 50 సెకన్లు ఆగాం, దొరకలేదు. ఈ అప్‌డేట్ జరగలేదు. ట్రాన్సాక్షన్ ఇంకా తెరిచే ఉంది. రోల్‌బ్యాక్ చేసి మొదటినుంచి నడపండి."

ముందస్తు హెచ్చరిక కావాలంటే పోస్ట్‌గ్రెస్‌లో లాగ్ లాక్ వెయిట్స్ అనే సెట్టింగ్ ఆన్ చేయండి. డెడ్‌లాక్ టైమౌట్ అనే ఇంకో సెట్టింగ్ (డిఫాల్ట్ 1 సెకను) దాటి ఆగిన ప్రాసెస్ గురించి, లాక్ పట్టుకున్న ప్రాసెస్ నంబర్‌తో సహా లాగ్‌లో పడుతుంది. లాక్ టైమౌట్‌ని స్టేట్‌మెంట్ టైమౌట్ కన్నా తక్కువ పెట్టాలి. సమానంగా పెట్టినా స్టేట్‌మెంట్ టైమౌటే ముందు కొడుతుంది, లాక్ మెసేజ్ ఎప్పటికీ రాదు.

మీ సొంత వార్నింగ్ అయితే ఒక్కో నిరీక్షణకు ఒక్కసారే రాయండి, సెకనుకొకటి చొప్పున కాదు. క్వెరీ పారామీటర్ల విలువలు అందులో పెట్టకండి: ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు లాగ్‌కి ఎక్కేది ఎక్కువగా ఈ దారిలోనే.