‘నీ పళ్లెంల ఏం పడ్డదక్కా?’: ఊళ్లో పోషకాహార వివరాలు రాసుకునే పద్ధతి

మా సంస్థ మొదటిసారి పాలమూరు పల్లెల్లో ఆడవాళ్లకు పోషకాహార తరగతులు పెట్టినప్పుడు, వివరాలు రాసుకునే ఫారం తయారుచేసే పని నాకు పడింది. నాలుగు పేజీలు, నలభై మూడు ప్రశ్నలు రాశాను. ఇంటికి ఎన్ని కిటికీలున్నాయో కూడా అడిగాను. మొదటి ఇంట్లో ఇరవయ్యో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆ అక్క "ఆగు, పాలు పొంగుతున్నయ్" అని లోపలికి పోయింది. పావుగంట అరుగు మీద కూర్చున్నాను. వెనక దర్వాజ నుంచి ఎప్పుడో చేనికి పోయిందని పక్కింటి అవ్వ నవ్వుతూ చెప్పింది.

ఏడాది చివర మేం నిజంగా వాడుకున్నవి తొమ్మిది ప్రశ్నలు. అందుకే ఇప్పుడు కొత్తగా పనిలో చేరినవాళ్లకు ముందు ఫారం చూపించను. ఏడాది తర్వాత నువ్వు రాయబోయే రిపోర్టులో ముఖ్యమైన నాలుగు వాక్యాలు ఇప్పుడే రాయి అంటాను. తరగతులకు ఎవరొచ్చారు, ఎన్నిసార్లు వచ్చారు, వాళ్లు తినే తిండి మారిందా, వాళ్ల పిల్లల ఒంట్లో ఏమైనా తేడా వచ్చిందా. ఈ నాలుగింటిలో దేనికీ పనికిరాని ప్రశ్న ఉంటే కొట్టెయ్యాలి. కిటికీలు పోతాయి.

ముందు పేరుతో తిప్పలు. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు, వాడలో అందరూ పిలిచేది మూడో పేరు. మేం పనిచేసిన ఒక వాడలోనే ముగ్గురు లక్ష్మమ్మలున్నారు. భర్త పేరు రాసి తేడా తెలుసుకుందామంటే, పెద్ద వయసు ఆడవాళ్లు చాలామంది భర్త పేరు నోటితో చెప్పరు. పట్టుబట్టి అడగొద్దు, పిల్లల్ని అడిగితే చెబుతారు. పిలిచే పేరు, కార్డు మీది పేరు రెండూ రాసి, ప్రతి మనిషికీ ఒక నంబరు ఇవ్వండి. ఊరికి రెండంకెలు, ఇంటికి మూడు, మనిషికి ఒకటి. ఆ తర్వాత హాజరులో, తిండి ఫారంలో, పిల్లల కొలతల్లో ఎక్కడైనా ఆ నంబరే. పేర్లూ నంబర్లూ కలిసి ఉండే పుస్తకం ఒక్కటే ఉండాలి, అది బీరువాలో ఉండాలి. ఫారాలు బస్సులో పోగొట్టుకున్నా ఎవరి సంగతీ బయటపడకూడదు.

ఆధార్ నంబరు మాత్రం రాసుకోకండి. ఏదో ఒకరోజు పనికొస్తుందేమోనని రాసుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. తిండి గురించి చెప్పడానికి దానితో ఏం పని? చెప్పిన పనికి అవసరమైనంతే, ఒప్పుకుంటేనే తీసుకోవాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా అంటోంది. పదిహేడేళ్ల పిల్ల తరగతికి వస్తే అమ్మనో నాన్ననో అడగాలి.

ఒప్పుకోలు కాగితం చదివి వినిపించడం వేరు, అర్థమయ్యేలా చెప్పడం వేరు. ఎవరైనా కాగితం పట్టుకుని వస్తే పింఛనో రేషనో ఇల్లో ఇస్తారనుకుంటారు, లేకపోతే ఉన్నది తీసేస్తారని భయపడతారు. నేను మొదటి మాటే ఇలా చెబుతాను: "అక్కా, ఈ రాతతోని నీకు ఏ స్కీమూ రాదు, ఉన్నది పోదు. ఇష్టం లేకుంటే చెప్పకు, తరగతికి మాత్రం రావచ్చు." చదువు రానివాళ్లు వేలిముద్ర వేస్తే పక్కన సాక్షి సంతకం ఉండాలి. ఆ సాక్షి పొదుపు సంఘం లీడర్ కాకుండా చూడండి. అప్పు మంజూరు చేసే మనిషి ఎదురుగా కూర్చుంటే ‘వద్దు’ అనే ధైర్యం ఎవరికుంటుంది?

పిల్లల వయసు ఏళ్లలో కాదు, నెలల్లో కావాలి. బరువు తక్కువా కాదా అని చూసేది నెలల లెక్కనే. తల్లీబిడ్డల కార్డు ఉంటే పుట్టిన తేదీ దానిలోంచే రాసుకోండి. లేకపోతే పండుగలు పట్టుకోవాలి. బతుకమ్మకు ముందా తర్వాతా, వరి నాట్లప్పుడా కోతలప్పుడా అని దగ్గరికి రావచ్చు. పీర్ల పండుగ అంటే మాత్రం జాగ్రత్త, అది ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. అందుకే నా సంచిలో గత ఐదేళ్ల క్యాలెండర్లు ఉంటాయి.

ఇక అసలు పని, తిండి. "ఆకుకూరలు తింటారా?" అని అడిగితే "తింటం" అంటారు. తరగతి అయ్యాక అడిగితే ఇంకా గట్టిగా అంటారు, మనం చెప్పిందే మనకు తిరిగి వస్తుంది. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఏమేం తిన్నావని అడగాలి. ఆమె చెబుతుంటే మధ్యలో ఆపొద్దు. అంతా అయ్యాక వెనక్కి వచ్చి, చాయ్‌లో ఏం వేసుకున్నావు, చేన్లో ఏమైనా నమిలావా, అన్నంలోకి ఏం పోసుకున్నావు అని మరిచినవి బయటికి తీయాలి. గుప్పెడు పల్లీలు, చెట్టు మీది జామకాయ లాంటివి ఆమె లెక్కలో తిండే కాదు. మన లెక్కలో మాత్రం అవి రెండు గుంపులు.

ఆ గుంపులు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్ల కోసం పెట్టినవి, మొత్తం పది: ధాన్యాలు దుంపలు, పప్పులు, గింజలు, పాలు పెరుగు, మాంసం చేపలు, గుడ్లు, ముదురు ఆకుకూరలు, విటమిన్ ఎ ఎక్కువున్న కూరగాయలు పండ్లు, మిగతా కూరగాయలు, మిగతా పండ్లు. నిన్న ఐదు గుంపులైనా తిన్నవాళ్లు నూటికి ఎంతమందో చూస్తారు. ఇది ఊరి మొత్తానికి చెప్పే లెక్క. ఒక్కరోజు తిండి చూసి ఒక మనిషికి పోషణ లేదని అనడానికి పనికిరాదు.

కొత్తవాళ్లు తప్పు చేసేవి ఎప్పుడూ ఒకటే. ఆలుగడ్డ కూర తిన్నానంటే కూరగాయల్లో టిక్ పెడతారు, అది జొన్నరొట్టె ఉన్న మొదటి గుంపులోకే పోతుంది. పచ్చి అరటికాయ కూడా అంతే, పండితే మాత్రం పండ్లలోకి వస్తుంది. పల్లీలు పప్పుల్లో కాదు, గింజల్లో. గోంగూర, తోటకూర, పొన్నగంటి, మునగాకు ముదురు ఆకుకూరలు. పండిన మామిడి, బొప్పాయి, గుమ్మడి విటమిన్ ఎ గుంపు. టమాట, వంకాయ మిగతా కూరగాయలు. కూరపైన చల్లిన కొత్తిమీర, పచ్చి పులుసులో నాలుగు ఉల్లిగడ్డ ముక్కలు, చాయ్‌లో చుక్క పాలు లెక్కకు రావు. పదిహేను గ్రాములన్నా, అంటే ఒక పెద్ద చెంచాడన్నా తింటేనే టిక్. పది గుంపుల పేర్లు ఆమెకు చదివి వినిపించకండి. వినిపిస్తే అన్నీ తిన్నట్టే చెబుతుంది, పాపం మర్యాద కోసం.

నాకు బుద్ధి వచ్చిన రోజు ఒకటుంది. ఒకింట్లో నిన్న కోడిగుడ్ల కూర అని చెప్పింది. గుడ్డు దగ్గర టిక్ పెట్టేశాను. లేచి రాబోతూ ఊరికే "ఎన్ని గుడ్లు వండినవక్కా?" అన్నాను. నాలుగట. ఆయనకొకటి, ఇద్దరు కొడుకులకు రెండు, అత్తకొకటి. "మరి నీకు?" "నేను పులుసు పోసుకుని తిన్న." ఆ టిక్ కొట్టేశాను. అప్పటివరకు రాసిన ఫారాలన్నీ ఇంట్లో కుండ సంగతి చెబుతున్నాయి తప్ప ఆమె పళ్లెం సంగతి చెప్పడం లేదని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఇప్పుడు మా ఫారంలో "ఏం కూర చేసినవ్" అనే మాటే లేదు, "నీ పళ్లెంల ఏం పడ్డది" అనే ఉంటుంది. గర్భిణులను, బాలింతలను ఇంకో మాట కూడా అడగాలి. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. ఆ గుడ్డు అక్కడే తిన్నదా, కొంగులో కట్టుకుని పెద్దబిడ్డకు తెచ్చిందా? తెచ్చిందని చెబితే తిట్టొద్దు, రాసుకోండి.

ఇదంతా అత్త పక్కనుంటే జరగదు. కోడలిని అడిగితే అత్త జవాబు చెబుతుంది. మేం ఇద్దరం పోతాం. ఒకరు కోడలి దగ్గర కూర్చుంటే, ఇంకొకరు అత్తను అరుగు మీదికి తీసుకెళ్లి పాతకాలం గటక, అంబలి సంగతులు అడుగుతారు. ఆమెకూ ఓ గంట హాయిగా గడుస్తుంది.

పిల్లల చేయి చుట్టుకొలత ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపువాళ్లకు. ఎడమ చేయి. మోచెయ్యి మడిచి భుజం ఎముక కొసకూ మోచేతి కొసకూ నడుమ గుర్తు పెట్టి, తర్వాత చెయ్యి కిందికి వదిలేశాక టేపు చుట్టాలి. చర్మం నొక్కుకోకూడదు, సందు ఉండకూడదు. రెండుసార్లు కొలవండి. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే తీవ్రమైన పోషణ లోపం (టేపు మీద ఎరుపు రంగు భాగం), 11.5 నుంచి 12.5 లోపు అయితే మధ్యస్థం. రెండు పాదాలకూ వాపు ఉందేమో బొటనవేలితో నొక్కి చూడాలి. ఎరుపులో పడ్డా, పాదాలు వాచినా ఫారంలో రాసుకుని వెళ్లిపోవడం తప్పు. అదే రోజు ఆశా వర్కర్‌కో ఏఎన్ఎంకో చెప్పి, పోషకాహార పునరావాస కేంద్రానికి పంపే ఏర్పాటు చూడాలి. పదిమందిలో "నీ బిడ్డ ఎరుపు" అని అరవకండి. ఒక తల్లిని అలా అన్నందుకు ఆమె మళ్లీ మా తరగతి వైపు రాలేదు. అన్నది నేనే.

బరువు మిషన్‌ను రోజూ పొద్దున ముద్ర ఉన్న రెండు కిలోల తూకం రాయి పెట్టి చూసుకోండి. పొడవు రెండేళ్ల లోపు పడుకోబెట్టి, ఆ తర్వాత నిలబెట్టి.

హాజరు పుస్తకం తరగతి చివర తిప్పితే రానివాళ్ల సంతకాలు కూడా ఉంటాయి, వదిన కోసం మరదలు పెట్టేస్తుంది. నడిమధ్యలో, ముఖాలు చూసి, నంబరు పక్కన మీరే టిక్ పెట్టుకోండి. రెండుసార్లు వచ్చినవాళ్లకూ ఎనిమిదిసార్లు వచ్చినవాళ్లకూ తేడా ఏమైనా ఉందా అనేది దీన్ని బట్టే తెలుస్తుంది. పాఠం చెప్పిన మనిషే చివరి వివరాలు రాయడం కూడా మానుకోండి. టీచరమ్మ ముందు తప్పు జవాబు ఎవరు చెబుతారు?

మొదటి వివరాలు, చివరి వివరాలు ఒకే కాలంలో తీసుకోవాలి. ఒక ఏడు మేం జూన్‌లో మొదలుపెట్టి అక్టోబరులో ముగించాం. చివర చూస్తే పండ్లు తిన్నవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. సంబరపడి స్వీట్లు పంచుకున్నాం. మా డ్రైవరన్న అన్నాడు, "మేడం, ఇది సీతాఫలాల కాలం గదా." బాలానగర్ సీతాఫలం పుట్టిన గడ్డ మీద పండ్లు తినమని మేం పాఠం చెప్పి గెలిచామనుకున్నాం! అలాగే మృగశిర కార్తె మర్నాడు పోతే ఊరంతా చేపలు తిన్నట్టే వస్తుంది.

వలస ఇంకా మోసం చేస్తుంది. దసరా తర్వాత చాలా కుటుంబాలు ముంబైకో పుణెకో పోతాయి. చివరిసారి పోయేసరికి తలుపుకు తాళం. ఆ గడి ఖాళీగా వదలకండి, ‘వలస’ అని రాయండి. ‘తినలేదు’, ‘తెలియదు’, ‘అడగలేదు’, ‘వలస’ నాలుగూ నాలుగు వేర్వేరు సంగతులు. ఊరు విడిచిపోయినవాళ్లు ఎక్కువగా పేదవాళ్లు. వాళ్లను వదిలేసి సగటు తీస్తే ఊరు బాగా తింటున్నట్టు కనిపిస్తుంది, తిండి మారకపోయినా. మొదట, చివర రెండుసార్లూ దొరికినవాళ్లనే జత కట్టి పోల్చండి.

ఫోన్‌లో నింపాలంటే కోబో లాంటి యాప్‌లు సిగ్నల్ లేకున్నా పనిచేస్తాయి. కానీ ముందు పది ఇళ్లకు కాగితం మీద పోయి రండి. ఏ ప్రశ్నకు మొహం చిట్లించారో ఫోన్ చూస్తూ ఉంటే కనిపించదు. రాసిన ఫారాలు ఆ సాయంత్రమే చదువుకోవాలి. మర్నాటికి మన రాత మనకే అర్థం కాదు.

లెక్కలన్నీ తేలాక వాటిని ఊరికి తీసుకుపోండి. మేం చాప మీద పది గుంపులుగా జొన్నలు పోశాం, తిన్నవాళ్లు ఎంతమందో అన్ని గింజలు. ఒక వాడలో గుడ్ల కుప్ప, మాంసం కుప్ప చాలా చిన్నగా ఉన్నాయి. ఎందుకు తినరో మేం ఏవేవో కారణాలు చెబుతున్నాం. వెనక కూర్చున్న ఒక అవ్వ లేచి, "మీరు మా వాడకు ఎన్నడొచ్చిన్రు?" అంది. ఆడవాళ్లు ఇంటి దగ్గర ఉంటారని ఆదివారం వెళ్లాం. "మరి నిన్న అంటే శనివారమాయె. శనివారం మేం నీసు ముట్టం, బిడ్డా." ఆ వాడ ఫారాలన్నీ మళ్లీ రాశాం, ఈసారి వారంలో వేర్వేరు రోజులు పోయి. ఇప్పుడు మా ఫారంలో తేదీ పక్కన వారం రాయడానికి ఒక గడి ఉంటుంది.